ఆంగ్ల సాహిత్యమున డాక్టరేటు: పాకాలలో ఒక సంవాదము

తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కాట్పాడి నుండి వచ్చు రైలుమార్గమును ధర్మవరము నుండి వచ్చు రైలుమార్గమును కలిసికొను చోటనున్న పాకాల, మామిడితోపులతోపాటు కథకులను గూడ పెంచిన సీమకు కూడలి. ఈ మండలములోని మొగరాలలో 1930వ సంవత్సరమున జన్మించి, దామలచెరువున నివసించి, ఉపాధ్యాయవృత్తిలోనుండి వందలకొలది కథలు రచించిన మధురాంతకం రాజారాంగారు 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము నందుకొనిరి. వారి కుమారులు నరేంద్రగారు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యులుగా పనిచేసి, తెలుగులో రచించిన ‘మనోధర్మపరాగం’ అను నవలకు 2022లో అదే పురస్కారమును బడసిరి. ఆంగ్లము చదివినవారు తెలుగును మఱచిపోవలసిన పనిలేదని చెప్పుటకు వేఱొక దృష్టాంతము వెదకికొన నక్కఱలేని నేల యిది. ఇట్టి నేలపై పుట్టిన యువతి యొకతె ఆంగ్ల సాహిత్యమున పిహెచ్.డి. పట్టమునకై పరిశోధన చేయ సంకల్పించినప్పుడు, ఆమె మేనమామ దానిని నిండుమనస్సుతో వ్యతిరేకించెను. మేనమామ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో చిరకాలము ఆంగ్లము బోధించి విశ్రాంతి తీసికొన్నవాడు. మేనకోడలు తిరుపతిలో ఎం.ఏ. ముగించుకొని వచ్చినది. ఇరువురును ఆ భాషను ప్రేమించినవారే యగుటచేత వారి వాదము వినదగినదని నాకు తోచినది. నేను విన్నంతవఱకు దానిని ఇక్కడ పొందుపఱచుచున్నాను.

మామ: అమ్మా, ఎం.ఏ. పూర్తిచేసితివి, సంతోషము. బి.ఇడి. చేసి, డి.ఎస్సీ. వ్రాసి, బడికి పొమ్మని నేను చెప్పుచుండగా, నీవు మఱల విశ్వవిద్యాలయము మెట్లెక్కెద ననుచున్నావు. యు.జి.సి. వారు 2022లో చేసిన నిబంధనలను చదివితిని. ఈ పరిశోధనకు కనీసము 3 ఏండ్లు, గరిష్ఠము 6 ఏండ్లు. స్త్రీలకు ఇంకొక 2 ఏండ్ల వెసులుబాటు. ఆ వెసులుబాటే నాకు దిగులు కలిగించుచున్నది. గడువున్నంతకాలమును సాగుట మన విశ్వవిద్యాలయములలో పరిశోధనకు అలవాటైపోయినది.

మేనకోడలు: నిజమే మామా. అయినను ఆ యేండ్లు ఊరక పోవునవి కావుగదా. జె.ఆర్.ఎఫ్. అను పరిశోధనవేతనము లభించినవారికి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, అటుపిమ్మట 42,000 రూపాయలు ఇచ్చుచున్నారు.

మామ: లభించినవారికి! నీకు లభించినది అది కాదు. 2024 నుండి నెట్ పరీక్షలో మూడు శ్రేణులు చేసిరి. మొదటి శ్రేణివారికి వేతనము. రెండవ శ్రేణివారికి అధ్యాపకపదవి కర్హతయు, పిహెచ్.డి. ప్రవేశమున కర్హతయు; మూడవ శ్రేణివారికి ప్రవేశార్హత మాత్రమే. నీవు రెండవ శ్రేణిలో ఉన్నావు. కేంద్రీయ విశ్వవిద్యాలయములలోనైన నెట్ వేతనము లేనివారికి నెలకు 8,000 రూపాయలైన నిత్తురు. తిరుపతిలోని విశ్వవిద్యాలయము రాష్ట్రమువారిది, అక్కడ అదియు లేదు. ఇక ముఖ్యమైన మాట వినుము. విశ్వవిద్యాలయములలో సహాయాచార్య పదవికి పిహెచ్.డి. తప్పనిసరి యని ఒకప్పుడు శాసించి, దానిని వాయిదా వేసి, తుదకు 2023 జులైలో నెట్, సెట్ పరీక్షలే కనీసార్హత యనియు, పిహెచ్.డి. ఐచ్ఛికమనియు వారే ప్రకటించిరి. అర్హత నీ చేతిలోనే యున్నది. ఉన్న యర్హతకై ఆఱేండ్లు వ్యయపఱచుట యే లెక్కను సబబు?

మేనకోడలు: ఉద్యోగమే గమ్యమైనచో మీ లెక్కకు తిరుగులేదు. కాని యర్హత గలవారు ఎందఱో యుండగా ఖాళీలు నింపుట అరుదైపోయినది. తిరుపతి, చిత్తూరు చుట్టుపట్లనున్న ఇంజనీరింగు కళాశాలలలో ఆంగ్లాధ్యాపకులను తీసికొందురు, నిజమే. అక్కడ సంభాషణాకౌశలము నేర్పవలెను, ల్యాబులో చెవికి యంత్రము తగిలించి ఉచ్చారణ దిద్దవలెను. అది తక్కువ పని యని నే ననను. కాని నన్ను వేధించుచున్న ప్రశ్న యొకటి కలదు; ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు పరిశోధకురాలిగా పేరు నమోదు చేసికొనుట తప్ప నాకు వేఱు త్రోవ కనబడలేదు. గ్రంథాలయములు తలుపు తీయవలెనన్నను, పాత దస్త్రములు చేతికి రావలెనన్నను, ముందుగా నీవెవరని యడుగుదురు.

మామ: ప్రశ్న సంగతి పిమ్మట చూతము. ముందు ఈ శాస్త్రము పుట్టుపూర్వోత్తరములను ఆలోచింపుము. మెకాలే తన నివేదికను వ్రాసినది 1835లో; మద్రాసు విశ్వవిద్యాలయము వెలసినది 1857లో. మన తాతముత్తాతలు షేక్స్పియరును మిల్టనును వల్లించి పరీక్షలలో కూర్చుండుచున్న కాలమున, ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యము ఒక ప్రత్యేక పాఠ్యశాఖగా ఇంకను ఏర్పడనే లేదు. అది అక్కడ ఏర్పడినది 1894లో, కేంబ్రిడ్జిలో 1917లో. తమ పిల్లలకు పాఠ్యవిషయముగా పనికిరాదని వారనుకొన్నదానిని మనకు ముందుగా నేర్పిరన్నమాట. అందులో విద్యాప్రేమ యెంతయో, పాలనానీతి యెంతయో నీవే తేల్చుకొనుము. పిహెచ్.డి. యను పట్టము కూడ వారిది కాదు. జర్మనీలో పెరిగి, అమెరికాకు పోయి, ఆక్స్‌ఫర్డునకు 1917లోగాని చేరలేదు. అరువుసొమ్ముపై అరువుముద్ర వేసికొనుటకు నీకింత యారాటమెందుకు?

మేనకోడలు: మామా, మీరిప్పుడు చెప్పిన చరిత్రను ఇంత స్పష్టముగా లోకమునకు చూపినవారెవరు? 1989లో ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ అను గ్రంథమున గౌరీ విశ్వనాథన్ గారు దానిని సప్రమాణముగా నిరూపించిరి. ఆమె కొలంబియా విశ్వవిద్యాలయమున ఆంగ్ల శాఖలోనే ఆచార్యురాలు. ఆ శాఖను ప్రశ్నించిన గ్రంథము ఆ శాఖలోనివారి చేతనే వెలువడినది. ఆంగ్ల పరిశోధనమన్న షేక్స్పియరునకు నమస్కరించుట మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

మామ: ఒకరు చేసిరి; తక్కినవారి మాటయేమి? శోధగంగను తెఱచి చూడుము. దేశములోని సిద్ధాంతగ్రంథములన్నియు అక్కడ చేర్చబడుచున్నవి. ఆర్.కె. నారాయణ్ మీద, అనితా దేశాయి మీద, టోనీ మారిసన్ మీద వ్రాసినవారే వ్రాసిరి. శీర్షికలో స్త్రీవాద దృక్పథమనియో, వలసానంతర దృక్పథమనియో మార్చుదురు, లోపల ఐదధ్యాయములు, మొదటిది రచయిత జీవితము, కడపటిది ఉపసంహారము. ఎవరి కొఱకు వ్రాసిరో వారికైనను తెలియునా? 2018లో యు.జి.సి.వారు గ్రంథచౌర్యమునకు శిక్షలు నిర్ణయించవలసి వచ్చినది: పోలిక నూటికి 10 లోపల నున్నచో దోషము లేదు, 60 దాటినచో నమోదే రద్దు. పరిశోధకునకు దొంగతనము చేయరాదని అంకెలు కట్టి చెప్పవలసిన స్థితి వచ్చినపుడు ఆ విద్య మీద గౌరవమెట్లు నిలుచును?

ఇంకొకటి. గొప్ప విమర్శకు పట్టముతో పనిలేదు. మన చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివినది చరిత్ర. వచ్చి 1914లో ‘కవిత్వతత్త్వవిచారము’ వెలువరించి తెలుగు విమర్శ గతిని మార్చిరి. ఎలియట్ హార్వర్డునకు బ్రాడ్లీ తత్త్వముపై సిద్ధాంతవ్యాసమును 1916లో సమర్పించెను. మౌఖిక పరీక్షకు పోలేదు, పట్టము రాలేదు. ఆంగ్ల విమర్శలో అతని స్థాన మేమి తగ్గినది?

మేనకోడలు: రామలింగారెడ్డిగారికి కేంబ్రిడ్జి గ్రంథాలయములు దొరకినవి, విద్యార్థివేతనము దొరకినది, కాలము దొరకినది. పాకాలలోని పిల్లకు ఆ మూడును విశ్వవిద్యాలయపు ప్రవేశపత్రము ద్వారానే కొంతకు కొంతైన దొరకును. ఎలియట్ పట్టమును వదలినను ఆ గ్రంథమును వ్రాయుట మానలేదు. ఆ తర్కశిక్షణ యతనిని వీడనూ లేదు. ప్రక్క రాష్ట్రపు మాట కూడ వినుడు. మైసూరులో ఆంగ్లము బోధించుచుండిన అనంతమూర్తిగారు బర్మింగ్‌హామునకు పోయి, 1930ల నాటి ఆంగ్ల నవలలో రాజకీయములను గూర్చి పరిశోధించి 1966లో డాక్టరేటు పొందిరి. ఆ పరిశోధన జరుగుచుండగనే, బెర్గ్‌మన్ తీసిన ‘సెవెంత్ సీల్’ చిత్రమును చూచి కదలి, కన్నడమున ‘సంస్కార’ నవలను రచించిరి. ఆంగ్ల డాక్టరేటు అతనిని తన అగ్రహారమునుండి దూరము చేయలేదు, అగ్రహారమును ఎదుటపెట్టి చూచుటకు కావలసిన యెడమును ఇచ్చినది.

మామ: నీ దృష్టాంతము నాకే యుపకరించుచున్నది. లోకమంతయు ‘సంస్కార’ను చదివినది; ఆ సిద్ధాంతవ్యాసమును చదివిన వారెందఱు? అతడు నవల వ్రాయుటచేత నిలిచెను. అలహాబాదులో ఆంగ్లము చెప్పిన హరివంశరాయ్ బచ్చన్ కూడ కేంబ్రిడ్జిలో యేట్సు కవిత్వముపై 1954లో డాక్టరేటు పుచ్చుకొనెను. జనులు పాడుకొనుచున్నది అతని హిందీ కవిత్వమును.

మేనకోడలు: యేట్సు పేరు మీరే యెత్తితిరి గనుక నా ప్రశ్నను ఇప్పుడు చెప్పనిండు. యేట్సును తెలిసికొనుటకు బచ్చన్ గారు సముద్రము దాటిరి. ఆ యేట్సు బృందములోని మనిషి యొకడు మన దగ్గఱకే వచ్చి కూర్చుండెనని మనకెవరును చెప్పలేదు. పాకాలలో ధర్మవరము బండి యెక్కి పీలేరు దాటి పోయినచో మదనపల్లె రోడ్డు స్టేషను వచ్చును. ఆ మదనపల్లెలో అనీబిసెంటమ్మ 1915లో కళాశాల స్థాపించినది. దానికి ప్రధానాచార్యులుగా పనిచేసిన జేమ్స్ కజిన్స్ బెల్ఫాస్టులో 1873లో పుట్టిన కవి, ఐర్లండు సాహిత్యోద్యమమున నాటకములు వ్రాసినవాడు, యేట్సునకు పరిచితుడు. జేమ్స్ జాయిస్ 1904లో ఇల్లు లేక తిరుగుచున్న దినములలో కొలది రాత్రులు అతని యింటనే తల దాచుకొనెను. 1922లో వెలువడిన జాయిస్ ‘యులిసీస్’ నవలలో స్టీఫెన్ అను పాత్ర తన అప్పులను లెక్కించుకొను పట్టున ఆ పట్టికలో కజిన్స్ పేరు కలదు. ఆ గ్రంథమును ప్రపంచమంతట విశ్వవిద్యాలయములలో చదువుదురు. ఆ యప్పులవాడు మన చిత్తూరు జిల్లా పిల్లలకు పాఠము చెప్పిన సంగతి మన ఎం.ఏ. తరగతిలో నేను వినలేదు.

మామ: ఆ మాట నేనును ఎఱుగను.

మేనకోడలు: ఇంకను వినుడు. కజిన్స్ 1917లో మద్రాసున ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లీష్ లిటరేచర్’ అను విమర్శగ్రంథమును ప్రకటించెను. దానిని సమీక్షింప మొదలుపెట్టి అరవిందులు ‘ఆర్య’ పత్రికలో ‘ఫ్యూచర్ పొయెట్రీ’ అను సుదీర్ఘ వ్యాసపరంపరను రచించిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లెకు వచ్చి కజిన్స్ దంపతుల అతిథిగా నుండి, అక్కడనే ‘జనగణమన’ను ఆంగ్లీకరించిరి, మార్గరెట్ కజిన్స్ దాని స్వరమును లిఖించినది. ఈ గీతపు కథ మాత్రము మన బడిపిల్లలకు గూడ తెలియును. నా ప్రశ్న దానికి వెనుక నున్నది. ఆ తరగతులలో ఏమి చదివించిరి? లండను పాఠ్యప్రణాళిక పాఠములనేనా, ఐర్లండువారి స్వాతంత్ర్యకాంక్ష కూడ ఆ పాఠములలోనికి దిగినదా? పాలితదేశమునుండి వచ్చిన కవి పాలకుల భాషను పాలితులకు నేర్పుచున్నప్పుడు ఏమి జరుగును? ఆ కళాశాలలోనే తరువాతి కాలమున ఆంగ్లము బోధించిన వల్లంపాటి వేంకటసుబ్బయ్యగారు ‘కథాశిల్పం’, ‘నవలాశిల్పం’ వ్రాసిరి. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయము వెలసినపిమ్మట అక్కడి ఆంగ్లశాఖనుండి నరేంద్రగారివంటి తెలుగు కథకులు వచ్చిరి. ఈ సీమలో ఆంగ్ల తరగతిగదినుండి తెలుగు కథకును తెలుగు విమర్శకును ఒక కాలువ పాఱినది. అది యెచ్చట మొదలై యెట్లు వచ్చినదో ఆమూలాగ్రముగ కనుగొనవలెనని నా కోరిక.

ఇచ్చట మామ కొంతసేపు మాటాడలేదు. నా యభిప్రాయమున ఈ సంవాదమునకు ప్రాణమైన ఘట్టమిది. మన విశ్వవిద్యాలయములలో పరిశోధనాంశమును నిర్ణయించు విధానము చాలవఱకు తలక్రిందులుగ నున్నది: ముందు సీటు, తరువాత పర్యవేక్షకుడు, ఆపై ఆయనకు పరిచితుడైన రచయిత, చిట్టచివర ప్రశ్న. ఈమెకు ప్రశ్న ముందు పుట్టినది. అట్టి విద్యార్థులు అరుదుగ వత్తురు. వచ్చినవారిని నిరుత్సాహపఱచు హక్కు పెద్దలకు లేదని నేను నమ్ముచున్నాను.

మామ: విషయము మంచిది, కాదనను. కాని దీనిని చేయించువా రెవరు? ఆచార్యుని క్రింద 8 మంది, సహాచార్యుని క్రింద 6గురు, సహాయాచార్యుని క్రింద నలుగురు. అంతకు మించి పరిశోధకులను తీసికొనరాదని నియమము. ఖాళీ గల పర్యవేక్షకుడు టోనీ మారిసన్ చేయుమనిన నేమి చేసెదవు? దస్త్రములు తిరుపతిలో నున్నవా? చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది మొదలు 1953 వఱకు మనము మద్రాసులో నుంటిమి. ఆనాటి విద్యాశాఖ కాగితములు ఎగ్మూరులోని రాష్ట్రాభిలేఖాగారమున వెదకవలెను. అనీబిసెంటమ్మగారి దివ్యజ్ఞానసమాజమువారివి అడయారు గ్రంథాలయమున వెదకవలెను. వేతనము లేని పిల్లవు, ఎన్నిసారులు పోయి రాగలవు?

మేనకోడలు: పాకాల జంక్షనులో పుట్టినవారికి మద్రాసు దూరమా, మామా? కష్టమని తెలియును. సగము దినము ఎక్కడనైన పాఠము చెప్పికొని, మఱుసటి యేడు జె.ఆర్.ఎఫ్.కు మఱల వ్రాసెదను. పర్యవేక్షకుల విషయమున, వేఱొక అంశము చేయుమన్నచో మఱియొక సంవత్సర మాగుదును గాని అంశమును మార్చను.

మామ: అట్లైన ఇంకొక ప్రశ్న. నీవు మొదటినుండియు ఆంగ్ల మాధ్యమమున చదివితివి. తెలుగు కథకును విమర్శకును ఆంగ్లము చేసిన దేమో తూచవలెనన్న తెలుగు గట్టిగా రావలెను. ఒక తట్టలో రాళ్లు లేకున్న తక్కెడ యెట్లు నిలుచును? ‘కవిత్వతత్త్వవిచారము’ను మూలమున చదివితివా, ఎవరో ఆంగ్లమున వ్రాసిన సారాంశమును చదివితివా?

మేనకోడలు: మూలమునే చదివితిని. మొదట నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, తరువాత అది లేకయే. అందు విమర్శకు లక్ష్యమైన సూరన ‘కళాపూర్ణోదయము’ను మాత్రము రెండాశ్వాసములే చదువగలిగితిని. తక్కిన ఆఱును మీ దగ్గఱ చదువవలెనని యున్నది. మీరు చెప్పుదురా?

మామ: చెప్పకేమి! దానికి యు.జి.సి. అనుమతి యక్కఱలేదు. కాని నేను నా పక్షమును విడువలేదు. నా మనస్సులోని అసలు బాధ వేఱు. బడిలో నేనుండిన కాలమంతయు చూచితిని. పదవ తరగతి పిల్లవాడు స్నేహితునకు లేఖను అక్షరము పొల్లుపోకుండ వల్లించును. తన తండ్రికి బ్యాంకులో కావలసిన రెండు వాక్యముల దరఖాస్తు వ్రాయలేడు. ఇప్పుడు చిన్నతరగతులనుండియు ఆంగ్ల మాధ్యమమే కావలెనని తల్లిదండ్రులు కోరుచున్నారు. చెప్పగలిగిన పంతులు దొరకడు. దామలచెరువు మండీలో మామిడికాయలు మోయువాని బిడ్డకు జేమ్స్ కజిన్స్ తో పనిలేదు, నీతో పనియున్నది. నీవంటి తెలివిగల పిల్ల పది సంవత్సరములు బడిలో నున్నచో ఎంతమంది బిడ్డలు బాగుపడుదురో ఆలోచింపుము. నీ గ్రంథమును ముగ్గురు పరీక్షకులు చదువుదురు.

మేనకోడలు: ఇది నేను తోసివేయలేని మాట. అయినను ఒక్కటి విన్నవించుకొందును. ఆ బడిపంతులును తయారుచేయునది యెవరు? బి.ఏ.లో ఎం.ఏ.లో వానికి ఆంగ్లము చెప్పినవారు. వారికి డాక్టరేటు లెట్లు వచ్చినవి? మీరు నిందించిన ఐదధ్యాయముల గ్రంథములతోనే. తానొక ప్రశ్న వేసికొని యెఱుగనివాడు, తానొక వాక్యము స్వతంత్రముగ వ్రాసి యెఱుగనివాడు, శిష్యునకు గైడును వల్లించుటగాక మఱేమి నేర్పగలడు? వల్లించినవాడే బడికి వచ్చి లేఖను వల్లింపజేయుచున్నాడు. మీ బాధకు మూలము బడిలో లేదు మామా, పైననే యున్నది. పైన ఒక్కరైనను సత్యముగ పరిశోధించినవారుండుట మండీలోని బిడ్డకు అక్కఱలేనిదెట్లగును?

మామ: ఆ మాటకు సమాధానము నాకిప్పుడు తోచుట లేదు. అయినను ఒక నియమమును పెట్టెదను. ఆంగ్లమున వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పించునదానిని నీవే తెలుగులో గూడ వ్రాసి పుస్తకముగ వేయవలెను. మదనపల్లెవారు, పాకాలవారు చదువగలిగిన తెలుగులో వ్రాయవలెను.

మేనకోడలు: అది నా ప్రతిపాదనపత్రములో లేదు, మీకు మాటగా ఇచ్చుచున్నాను.

వారి వాదము ఇంతటితో ముగియలేదు. ప్రవేశప్రకటన వెలువడువఱకు సాగుచునే యుండును. మేనమామ చెప్పిన ఆర్థికపు లెక్క సత్యము. వేతనము లేక పరిశోధనకు దిగు పేదయింటి పిల్లలను ప్రభుత్వము ఆదుకొనకున్నచో ఈ శాస్త్రము స్తోమతుగలవారి వినోదముగ మిగిలిపోవును. బడిని గూర్చి ఆయన పడిన బాధయు సత్యమే. అయినను నేను మేనకోడలి పక్షమున నున్నాను. పాలకుల భాష ఈ సీమకు వచ్చి యెవరిచేత నెట్లు బోధింపబడినదో, దానిని విన్నవారు తమ భాషలో నేమి సృష్టించిరో తెలిసికొనుట మన చరిత్రలో మిగిలియున్న పని. దానిని వేఱొకచోటివారు వచ్చి చేయరు.

ఆ పనికి కావలసిన యాధారములు అడయారులోను ఎగ్మూరులోను మాత్రమే లేవు. పాకాల, పీలేరు, దామలచెరువు, మదనపల్లె ప్రాంతములలో అనీబిసెంటమ్మ స్థాపించిన కళాశాలలో చదివిన తాతలు, ముత్తాతలు గల కుటుంబము లనేకము కలవు. ఆ యిండ్ల అటకలమీద కళాశాల పత్రికలు, పాఠ్యపుస్తకములు, విద్యార్థులు వ్రాసికొనిన నోటుపుస్తకములు, ప్రశ్నపత్రములు, గురువులు వ్రాసిన ఉత్తరములు ఇంకను ఉండవచ్చును. వానిని పాతకాగితములవానికి తూకమునకు వేయక, చెదల పాలు కానీయక, ఒక్కమాఱు దించి చూచి, దగ్గఱలోని కళాశాల గ్రంథాలయమునకో విశ్వవిద్యాలయ ఆంగ్లశాఖకో అందజేయవలసినదిగ ఈ జిల్లాల పాఠకులను ప్రార్థించుచున్నాను.